డిస్కు గారి సర్వీసు

రిటైరైన ఉద్యోగికి అసలు కష్టం కుర్చీ పోవడం కాదు, ఫైలు పోవడం. సామర్లకోట శివార్లలోని విశ్రాంత ఉద్యోగుల కాలనీలో డెబ్భై రెండిళ్లు. పొద్దున పదయ్యేసరికి డెబ్భై రెండిళ్లలోనూ ఒక్కో పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, వెళ్లాల్సిన చోటేదీ లేదని గుర్తొచ్చి మళ్లీ విప్పుకునేవాడు. అలాంటి కాలనీలో ఒక హార్డ్ డిస్కు చచ్చిపోవడం ఎంత ప్రమాదమో ఎవరూ ముందుగా ఊహించలేకపోయారు.

చచ్చిపోయింది జోగారావు గారి డిస్కు. ఆయన ట్రెజరీలో పనిచేసి రిటైరై, కాలనీ సంఘానికి కార్యదర్శిగా ఉంటున్నారు. కూతురి పెళ్లి, మనవడి బారసాల, కాశీయాత్ర, అన్ని ఫొటోలూ అరచేతిలో పట్టే ఆ నల్లడబ్బాలో దాచుకున్నారు. ఓ ఆదివారం దాన్ని టీవీకి తగిలిస్తే బొమ్మ రాలేదు. ఆయన భార్య మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆవిడ మాట్లాడింది, అయిదో రోజు సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది.

అధ్యక్షులు విశ్వపతి గారు లేచి నిలబడ్డారు. కలెక్టరాఫీసులో ఉద్యోగుల నియామకాలు, బదిలీలు, శిక్షలు చూసే సెక్షన్లో ముప్పయ్యారేళ్లు చేసిన మనిషి. సృష్టిలో ఏ వస్తువైనా ఆయన కంటికి ఉద్యోగిలాగే కనిపిస్తుంది. ఇంట్లో మిక్సీ మొరాయిస్తే దానికి సంజాయిషీ నోటీసు అంటించారని వంటమనిషి చెప్పగా అందరూ విన్నారు.

"నమ్మకమైన డిస్కును ఎంచుకోవడం ఎట్లా అన్నది మన ముందున్న సమస్య" అన్నారాయన. "ప్రభుత్వం తరతరాలుగా నమ్మకస్తులను ఎంచుకుంటూనే ఉంది. అందుకు ప్రవర్తనా ధ్రువపత్రం ఉంది, ప్రొబేషన్ ఉంది, సీనియారిటీ ఉంది, ఏటేటా రహస్య నివేదిక ఉంది. మనిషికి సరిపోయిన నిబంధన ఒక డబ్బాకు సరిపోదా?"

సరిపోదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. వాళ్లందర్నీ ఆ కొలబద్దతోనే కొలిచారు మరి.

పన్నెండు రోజుల్లో 'హార్డ్ డిస్కుల సర్వీసు నిబంధనలు' తయారయ్యాయి. మొత్తం అరవై నాలుగు. సంఘం తరఫున ఆరు కొత్త డిస్కులు కొని రెండేళ్లు ప్రొబేషన్‌లో పెట్టారు. ప్రొబేషన్‌లో ఉన్నవాటికి బాధ్యత గల పని అప్పగించరాదని పదకొండో నిబంధన. అందుచేత వాటిలో ఏమీ దాచకుండా, పెట్టెల మీద సీలు కూడా విప్పకుండా, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇక ఇళ్లల్లో ఇప్పటికే ఉన్న పాత డిస్కులన్నీ సీనియారిటీ జాబితా ప్రకారం వెంటనే సంఘం గదిలో రిపోర్టు చేసి, అక్కడే ఉండాలి.

ఇక్కడే గన్నేశ్వరరావు కొంప మునిగింది. పూర్తిగా చెప్పాలంటే, తనే ముంచుకున్నాడు.

గన్నేశ్వరరావు బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. తహసీల్దార్లూ సూపరింటెండెంట్లూ ఉన్న ఆ కాలనీలో ఆయన్ని అందరూ "ఏమోయ్ కండక్టరూ" అనే పిలిచేవారు. ఆయనతోపాటు అక్క మంగతాయారు ఉంటుంది. ముప్పయ్యేళ్లు ఈ రెండు గోదావరి జిల్లాల్లో బుర్రకథ చెప్పిన మనిషి. ఆవిడ తంబురా భుజానేసుకుని, వేళ్లకి అందెలు తొడుక్కుని ఒక్క అడుగు ముందుకేస్తే జనం బీడీలు ఆర్పేసేవారు. తమ్ముడు సెలవు పెట్టి మరీ ఆవిడ పక్కన హాస్యం చెప్పే వంతగా నిలబడేవాడు. రెండేళ్ల కిందట ఆవిడ గొంతుకి పెద్ద ఆపరేషనయింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇప్పుడు పలక మీద రాసి మాట్లాడుతుంది. ఆవిడ చెప్పిన నలభై ఒక్క కథలూ గన్నేశ్వరరావు దగ్గరున్న పాత డిస్కులో ఉన్నాయి. మరెక్కడా లేవు.

అలాంటి డిస్కుని తీసుకెళ్లి సంఘానికి ఎందుకిచ్చాడంటే, జాబితా అంటించినప్పుడు దాని పేరు మొట్టమొదట ఉంది కాబట్టి. తొమ్మిదేళ్ల నాడు కొన్నది. తహసీల్దారు గారి డిస్కు వయసు ఏడు, డిప్యూటీ ఇంజనీరు గారి డిస్కు వయసు నాలుగు. సీనియారిటీ ప్రకారం గన్నేశ్వరరావు డిస్కుని 'ప్రధాన డిస్కు'గా నియమించారు. దానికో టేబులు, కింద మఖమల్ గుడ్డ, ముందు నేమ్‌ప్లేటు. జన్మలో మొదటిసారి తహసీల్దారు గారు ఆయన్ని చూసి "రండి గన్నేశ్వరరావు గారూ" అన్నారు. ఆ 'గారు' వినడం కోసం ఆయన డిస్కునే కాదు, కిడ్నీ అడిగినా ఇచ్చేవాడే.

ఇంటికొచ్చి ఈ వైభవమంతా చెబితే అక్క పలక తీసుకుని రాసింది: "నా గొంతు తీసుకెళ్లి టేబులు మీద పెట్టొచ్చావా?"

"అదేంటక్కా అలాగంటావు? ఎంత మర్యాదనుకున్నావు! మఖమల్ గుడ్డేశారు."

ఆవిడ అది తుడిచేసి ఇంకో మాట రాసింది. ఆ మాట అచ్చులో వేసేది కాదు.

సంఘం గదిలో ప్రధాన డిస్కు డ్యూటీ మొదలైంది. పొద్దున పదిన్నరకి జోగారావు గారు దానికి కరెంటు ఇచ్చి హాజరు పట్టీలో టిక్కు పెట్టేవారు. ఒంటిగంటకి భోజన విరామం కాబట్టి పీకేసేవారు. రెండింటికి మళ్లీ పెట్టేవారు. నాలుగింటికి టీ విరామం. అయిదింటికి ఆఖరిసారి పీకేవారు. దాంట్లోకి ఎవరూ ఏదీ ఎక్కించలేదు, దాంట్లోంచి ఏదీ తెరవలేదు. లైటు వెలిగితే పనిచేస్తున్నట్టు. మొదటి నెల రహస్య నివేదికలో 'తప్పులు: సున్నా. ప్రవర్తన: ఉత్తమం' అని రాశారు.

రెండో నెలలో అది టక్కుటక్కుమనడం మొదలెట్టింది.

గన్నేశ్వరరావుకి ఆ చప్పుడు నచ్చలేదు. ముప్పయ్యేళ్లు బస్సులో తిరిగినవాడికి ఏ చప్పుడు అరుగుదలదో, ఏ చప్పుడు ఆఖరిదో తెలుస్తుంది. పరుగున వెళ్లి స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే రెహానాకి చెప్పాడు.

"ఎన్నిసార్లు పెడతన్నారు, ఎన్నిసార్లు పీకుతున్నారు బాబాయ్ గారూ?"

"రోజుకి మూడుసార్లమ్మా. విరామాలు ఇత్తన్నారు దానికి."

రెహానా తల పట్టుకుంది. "దాన్ని కూర్చోబెట్టి చంపేత్తన్నారు! ఆ చప్పుడొచ్చిందంటే ఇక రోజులే. ఇంకొక్కసారి కూడా ఊరికినే పెట్టకండి. ఈసారి పెడితే కాపీ తీసుకోడానికే పెట్టాలి. కొత్తవి రెండు తీసుకోండి, వేరేవేరే కంపెనీలవి. ఒకే కంపెనీవి ఒకే రోజు కొంటే కవల పిల్లల్లాగా రెండూ ఒకేసారి మంచమెక్కుతాయి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఇంకోళ్ళింట్లో పెట్టండి."

"మరి అందులో నమ్మకమైన కంపెనీ ఏదమ్మా?"

"ఏ కంపెనీదైనా ఏదోనాటికి పోయేదే బాబాయ్ గారూ. ఎప్పుడో చెప్పి పోదు, అంతే. అందుకే రెండు."

రెహానా ఒక్క నిమిషంలో తేల్చేసిన ఈ సంగతి కోసం కాలనీలో అరవై నాలుగు నిబంధనలు రాశారు. గన్నేశ్వరరావు నేరుగా విశ్వపతి గారి దగ్గరికి పరిగెత్తాడు.

"కాపీ తీసుకుంటానండి. ఒక్క పూట ఇవ్వండి."

విశ్వపతి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "కాపీ అనగా ఏమి? ఒక డిస్కు తన వద్దనున్న సమస్తమును మరొక డిస్కునకు అప్పగించుట. దానిని సర్వీసు పరిభాషలో చార్జి అప్పగింత అంటారు. చార్జి అప్పగించాలంటే మీ డిస్కును ముందు రిలీవ్ చెయ్యాలి. రిలీవ్ చెయ్యాలంటే చార్జి తీసుకునే అర్హత గల డిస్కు ఉండాలి. ఆరున్నాయి. ఆరూ ప్రొబేషన్‌లో ఉన్నాయి."

"ఆటి ప్రొబేషన్ ఎప్పుడు పూర్తవుద్దండి?"

"రెండేళ్లు సంతృప్తికరంగా పనిచేసిన పిమ్మట."

"బీరువాలో పెట్టి తాళమేస్తే ఎలాగ పనిచేత్తాయండి?"

"అదే ఆలోచిస్తున్నాం. బహుశా ప్రొబేషన్ పొడిగించవలసి వస్తుంది."

"ఏవండీ, అది చచ్చిపోద్దండి! టక్కుటక్కుమంటంది, మీకినపట్లేదా?"

ఆ మాటతో విషయం గంభీరమైంది. ఉద్యోగి అనారోగ్యాన్ని బంధువు చెబితే చెల్లదు. మెడికల్ బోర్డు తేల్చాలి. కాలనీలో ఉన్న ఏకైక డాక్టరు పేరయ్య గారు పశువైద్యశాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన స్టెతస్కోపు తెచ్చి డిస్కు నడుం మీద, పొట్ట మీద పెట్టి చాలాసేపు విన్నారు. జోగారావు గారు ఊపిరి బిగబట్టారు.

"నెమరేస్తోంది" అన్నారు పేరయ్య గారు. "జీర్ణశక్తి దివ్యంగా ఉంది. నెమరు ఆగితే కబురు చెయ్యండి."

'విధి నిర్వహణకు అన్ని విధాలా యోగ్యము' అని పత్రం రాసి సంతకం చేశారు. ఆరేళ్ల తర్వాత ఆయన చేతికి పనొచ్చింది. ఆ సంతకం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

గన్నేశ్వరరావు ఇంకో దారి తొక్కాడు. డిస్కుకి సెలవు అడిగాడు. సెలవు ఉందన్నారు, మంజూరు కూడా చేస్తామన్నారు. కానీ సెలవులో ఉన్న ఉద్యోగితో పని చేయించడం నేరమనీ, కాబట్టి సెలవు రోజుల్లో దాన్ని సీలు వేసిన కవరులో పెడతామనీ చెప్పారు. స్వచ్ఛంద విరమణ అడిగాడు. ఇరవయ్యేళ్ల సర్వీసు నిండాలన్నారు. చివరికి జోగారావు గారికే జాలేసి, పక్కకి పిలిచి చెవిలో చెప్పారు.

"కారుణ్య నియామకమని ఒక దారుంది కండక్టరు గారూ. సర్వీసులో ఉండగా ఉద్యోగి పోతే దాని వారసుణ్ణి ప్రొబేషన్ లేకుండా వెంటనే తీసుకుంటాం. మీరు కొత్త డిస్కు కొని రెడీగా ఉంచుకోండి. ఇది పోయిన మర్నాడే చార్జి ఇచ్చేద్దాం."

"అది పోయాక చార్జీలో ఇవ్వడానికి ఏముంటాదండి?"

జోగారావు గారు ఆలోచించారు. "అది మీ వ్యక్తిగత విషయం" అన్నారు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు ఉంది వ్యవహారం. గన్నేశ్వరరావు ఇంటికొచ్చి అక్క ఎదుట చతికిలబడ్డాడు. వంతగా నిలబడి ఎన్ని వేల మందిని నవ్వించాడో, ఆ రోజు అంతకి అంత ఏడ్చాడు. "నీ గొంతు నేనే తీసుకెళ్లి ఇచ్చేశానక్కా. గారూ గారూ అంటే పొంగిపోయి ఇచ్చేశాను. నన్ను కొట్టక్కా" అన్నాడు.

మంగతాయారు కొట్టలేదు. పలక తీయలేదు కూడా. బీరువాలోంచి తెల్లకాగితం, పెన్ను తీసింది. ఆవిడ ముప్పయ్యేళ్లు ఉద్యోగ సంఘాల వార్షికోత్సవాల్లో కథ చెప్పింది. గుమాస్తాలు ఒకరి మీద ఒకరు చెప్పుకునేవన్నీ తెర వెనక ముఖానికి రంగు వేసుకుంటూ విన్నది. సర్కారు మనిషిని కదిలించడానికి విన్నపాలు, కన్నీళ్లు, న్యాయం ఎందుకూ పనికిరావనీ, దానికి ఒకే ఒక్క మందుందనీ ఆవిడకి తెలుసు. ఎడమచేత్తో, వంకర అక్షరాలతో ఆకాశరామన్న ఉత్తరం రాసింది.

'అయ్యా, తమరి ప్రధాన డిస్కు నమ్మకస్తురాలు కాదు. తొమ్మిదేళ్లుగా ఒకే ఇంటివారితో అంటకాగుతోంది. దాని కడుపునిండా ఆ కండక్టరు తాలూకు సరుకే తప్ప మిగతా డెబ్భై ఒక్క ఇళ్లవారిది ఒక్క ముక్క లేదు. ఇది పక్షపాతం కాదా? పైగా డ్యూటీలో ఉండగా పెద్దలను చూసి నాలుక చప్పరిస్తోంది. ఇట్లు, బీరువాలో మగ్గుతున్న ఒక ప్రొబేషనరు.'

ఉత్తరం అందిన పొద్దున విశ్వపతి గారి ముఖం చూసి తీరాలి. రిటైరయ్యాక ఆయనకొచ్చిన మొట్టమొదటి ఆకాశరామన్న ఉత్తరమది. రెండుసార్లు చదువుకున్నారు. వెలుతురుకి ఎత్తి చూశారు. "ఆహా" అన్నారు. పాతికేళ్ల కుర్రాడిలా గబగబా మెట్లు దిగి జోగారావు గారి తలుపు తట్టారు. పదకొండింటికల్లా ఫైలు తెరిచారు, పన్నెండింటికి నోట్ పెట్టారు, ఒంటిగంటకి ఉత్తర్వు వెలువడింది. ఆరోపణల నిజానిజాలు విచారణలో తేలేలోపు, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, ప్రధాన డిస్కును కాలనీ గేటు వద్ద వాచ్‌మన్ గదికి బదిలీ చేయడమైనది.

గన్నేశ్వరరావుని పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని, ఎక్కడ నవ్వొస్తుందోనని కింది పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"ఇప్పుడే పట్టుకెళ్లి వాచ్‌మన్ గదిలో పెట్టెయ్యమంటారాండి?"

విశ్వపతి గారికి కోపమొచ్చింది. "ఏమనుకుంటున్నారు మీరు? ఎన్ని ఆరోపణలున్నా ఉద్యోగి ఉద్యోగే. బదిలీ అయినవారికి కొత్త స్థానంలో చేరడానికి ఏడు రోజుల జాయినింగ్ టైము ఉంటుంది. అది దాని హక్కు. ఆ ఏడు రోజులు అది ఎక్కడుందో, ఏం చేస్తోందో అడిగే అధికారం నాకు సైతం లేదు."

"గేటు ఇక్కడికి ఎనభై అడుగులేనండి."

"దూరంతో నిమిత్తం లేదు!"

"ఆయ్, చిత్తమండి" అని డిస్కుని మఖమల్ గుడ్డతో సహా చంకలో పెట్టుకుని గన్నేశ్వరరావు అడుగులేసుకుంటూ గేటు దాటాడు, ఆటో ఎక్కాడు, రెహానా షాపు ముందు దిగాడు. అక్క అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చునుంది.

రెహానా రెండు కంపెనీల కొత్త డిస్కులు రెండు పక్కపక్కన పెట్టి, పాతదానికి వైరు తగిలించింది. టక్కు, టక్కు, టక్కు. తర్వాత పేర్లు కనిపించాయి, నలభై ఒక్కటి.

"ఏది ముందు తీయమంటారు పిన్ని గారూ? చివరిదాకా బతుకుద్దని చెప్పలేను."

మంగతాయారు పలక మీద వరసగా అంకెలు వేసింది. తొలి ప్రదర్శన కాదు, పేరు తెచ్చినవీ కాదు. గొంతు బాగా పలికినవి ముందు. తన గొంతుకి తనే న్యాయాధికారిణిగా కూర్చుంది ఆవిడ.

డిస్కు కాసేపు పరిగెత్తింది, కాసేపు ముక్కింది. ఒక్కో కథకి ఒక్కో పూట పట్టిన రోజులున్నాయి. కాపీ అయిన ప్రతిదాన్నీ రెహానా తెరిచి చూసింది. "తెరిచి చూడని కాపీ కాపీ కాదు బాబాయ్ గారూ" అంది. అలా తెరిచినప్పుడల్లా స్టేషన్ రోడ్డు మీదికి మంగతాయారు గొంతు ఉరికేది. ముందు టీకొట్టువాడు గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తర్వాత ఆటోవాళ్లు. ఆరో రోజు మధ్యాహ్నం ముప్పయ్యెనిమిదో కథ పూర్తయింది. ముప్పయ్ తొమ్మిదో కథ సగంలో ఒక్కసారి గరగరమని, డిస్కు చప్పుడు ఆగిపోయింది. రెహానా ఎన్ని విధాల చూసినా మళ్లీ పలకలేదు.

"మూడు పోయాయక్కా" అన్నాడు గన్నేశ్వరరావు.

ఆవిడ పలక మీద రాసి చూపించింది: "ఆ మూడింట్లోనూ నీ హాస్యమే ఎక్కువ. పోనీ."

ఏడో రోజు డిస్కు సకాలంలో వాచ్‌మన్ గదిలో జాయినింగ్ రిపోర్టు ఇచ్చింది. లైటు వెలిగింది. టక్కుటక్కు లేదు. నెమరు ఆగితే కబురు చెయ్యమన్న పేరయ్య గారికి ఎవరూ కబురు చెయ్యలేదు, ఎందుకంటే విచారణాధికారి ఆ నిశ్శబ్దాన్ని వేరుగా గ్రహించారు. 'బదిలీ అనంతరం ఉద్యోగి ప్రవర్తనలో గణనీయమైన మార్పు. నాలుక చప్పరించుట పూర్తిగా మానివేసినది. ఆరోపణలు ఉపసంహరించడమైనది.' డిస్కుని సగౌరవంగా పాత టేబులు మీదికి తెచ్చారు.

జాయినింగ్ టైము రుచి గన్నేశ్వరరావు ఎవరికీ చెప్పలేదు, ఒక్క జోగారావు గారి భార్యకి తప్ప. ఆవిడకి చెబితే కాలనీకి చెప్పినట్టే. ఆ వారంలో సంఘానికి నలభై మూడు ఆకాశరామన్న ఉత్తరాలొచ్చాయి. తహసీల్దారు గారి డిస్కుకి చెడు తిరుగుళ్లున్నాయనీ, డిప్యూటీ ఇంజనీరు గారి డిస్కు వేళకి రావట్లేదనీ. నలభై మూడు ఫైళ్లు, నలభై మూడు బదిలీలు. స్టేషన్ రోడ్డులో రెహానా షాపు ముందు చంకలో డిస్కులతో క్యూ. సంఘం గదిలో దీపం ఆరేది కాదు. విశ్వపతి గారు నాలుగేళ్లు చిన్నవారై తిరిగారు. ఇంత నిండుగా నడిచిన ఆఫీసు జిల్లాలో మరొకటి లేదని ఆయన అనేవారు, అందులో అబద్ధమేమీ లేదు.

డిసెంబరు ఆఖర్న ప్రధాన డిస్కుకి పదేళ్లు నిండాయి. నిబంధన ప్రకారం పదవీ విరమణ. సన్మాన సభకి కాలనీ అంతా వచ్చింది. డిస్కుకి దండ వేశారు, శాలువా కప్పారు, శాలువా పెద్దదై డిస్కు కనిపించకపోతే ఓ మూల పైకెత్తారు. వక్తలు అయిదుగురు మాట్లాడారు. మొత్తం సర్వీసులో ఒక్క తప్పు లేదు, ఒక్క ఫిర్యాదు రుజువు కాలేదు, ఎవరినీ నొప్పించలేదు.

"ఇప్పుడు సంప్రదాయం ప్రకారం సన్మాన గ్రహీత స్పందన" అన్నారు విశ్వపతి గారు.

జోగారావు గారు డిస్కుని తీసుకెళ్లి పెద్ద టీవీకి తగిలించారు. లైటు వెలిగింది. టీవీ నల్లగా ఉండిపోయింది. సభ ఎదురుచూసింది. ఒక నిమిషమైంది, రెండయ్యాయి. ఎక్కడా ఉలుకు లేదు పలుకు లేదు. ముందు వరుసలో ఎవరో దగ్గారు.

విశ్వపతి గారు మైకు అందుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"గొంతు పూడుకుపోయింది" అన్నారు. "పదేళ్ల సర్వీసు కదా. పాపం, మాట రావడం లేదు."

సభ మొత్తం చప్పట్లు కొట్టింది. పేరయ్య గారు జేబురుమాలు తీశారు. మూడో వరుసలో మంగతాయారు భుజాలు కదలసాగాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, వంగిపోయింది, తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చప్పుడు లేదు, నవ్వు మాత్రం ఒళ్లంతా పాకింది, కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారాయి. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వడం గన్నేశ్వరరావు చూడటం ఇదే మొదటిసారి.

వేదిక మీంచి విశ్వపతి గారు అది గమనించారు. "చూశారా, మంగతాయారమ్మ గారు తట్టుకోలేకపోతున్నారు. జోగారావు గారూ, ఇది మినిట్స్‌లో రాయండి" అన్నారు.

"ఆయ్, రాయండి బాబూ, రాయండి!" అని గన్నేశ్వరరావు లేచి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.